రేకుల ఎనుక ఇంజిను

"నీ చేతి పప్పుల గూడ గ్యాసునూనె వాసనే వస్తదేందే పిల్లా. అగ్గిపుల్ల గీస్తే గిన్నెకు గిన్నె అంటుకునేటట్లుంది," అన్నది అత్త అలివేలమ్మ, రెండోసారి పప్పు పోసుకుంటనే.

వసంత బియ్యం కడిగిన గిన్నె పక్కకు జరిపి, నట్లు కడిగే టబ్బు ముంగటికి గుంజుకున్నది. వనపర్తి రేషన్ దుకాణానికి వచ్చిన గ్యాసునూనె సగం దీపాలకు పోతే, సగం వసంత చేతుల మీదికెల్లి పోతది. ఆరేండ్ల సంది పోతనే ఉన్నది. ఆమె కడిగిన నట్లు, బోల్టులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంట పోతే గద్వాల కోట బురుజు పక్కన ఇంకో బురుజు లేస్తుండె. దాని మీదికెక్కి సూస్తే కృష్ణ అవుతలి ఒడ్డున బట్టలుతికేటోళ్లు గూడ కనవడుతుండిరి. కానీ ఎక్కి సూసెటందుకు తీరికేడిది? బియ్యం కడిగినంక నట్లు, నట్లు కడిగినంక గిన్నెలు, గిన్నెలు కడిగినంక అత్త మోకాళ్లకు నూనె. ఆ నూనె రాసేటప్పుడు మాత్రం చేతి వాసన అత్తకు రాదు. అదొక వింత.

పెబ్బేరు రోడ్డు మీద ముంగట షెడ్డు, ఎనుక ఇల్లు, నడిమిట్ల రేకుల గోడ. షెడ్డు మీద 'రాఘవేందర్ మోటార్ వర్క్స్' అని ఎర్ర అక్షరాలు. రాఘవేందర్ వసంత మొగడు. ఆయన చెవికి ఉన్న పేరు ఇంత అంత గాదు. కొల్లాపూర్ నుంచి, కోడేరు నుంచి ఆ చెవి కోసమే బండ్లు వస్తయి. బండి వచ్చిందంటే రాఘవేందర్ బానెట్ లేపుతడు, కండ్లు మూసుకుంటడు, తల ఒక పక్కకు వంచి సాములోరి లెక్క నిలబడుతడు. "జర ఉండన్నా, ఇంజిను మాట్లాడుతుంది," అంటడు. ఇంజిను మాట్లాడుడు నిజమే. ఇంటున్నది మాత్రం రేకుల ఎనుక ఉల్లిగడ్డ కోసుకుంట వసంత. జరసేపైనంక రాఘవేందర్ మంచినీళ్లు తాగొస్త అని ఎనుకకు వస్తడు. "ఏంది?" అంటడు. "రెండో సిలిండర్ల రాడ్డు కొడుతుంది," అంటది వసంత, ఉల్లిగడ్డ మీదికెల్లి కండ్లు లేపకుండ. ఆయన నీళ్లు తాగకుండనే పోతడు. పోయి, "రెండో నంబర్ల రాడ్డు బేరింగన్నా," అంటడు. బండోడు నోరు తెరుస్తడు. పాలమూరు మొత్తంల రోజుకు ఇన్నిసార్లు దూపయ్యే మెకానిక్ ఇంకోడు లేడు.

ఆ చెవి వసంతకు వాళ్ల నాయన ఇచ్చింది. గద్వాల దగ్గర ఊర్లల్ల పొలాల కాడ ఆయిల్ ఇంజిన్లు బాగు చేస్తుండె దశరథం. కొడుకుల్లేరు. బిడ్డను సైకిల్ ముంగట కూసోబెట్టుకొని తిరిగిండు. ఆగి ఆగి నడిచే ఇంజిను కాడ బిడ్డ చెవిని ఇనుముకు ఆనిచ్చి, "ఏమంటుంది బిడ్డా?" అని అడుగుతుండె. ఏడేండ్ల పిల్ల, "ఆకలైతుందంటుంది నాయినా," అంటే డీజిల్ పైపు ఇప్పి సూసేటోడు. పైపుల చెత్త ఉంటుండె. పెండ్లిసూపులనాడు దశరథం ఉండబట్టలేక, "మా బిడ్డకు చెవి ఉంది," అన్నడు. అత్తగారోళ్లు పడి పడి నవ్విండ్రు. "అందరికి రెండు రెండుంటయి బావా, మీ పిల్లకు ఒక్కటేనా?" అన్నరు. రాఘవేందర్ గూడ నవ్విండు. పెండ్లయిన నెలకు, ఒక జీపు కాడ మూడు దినాలు తన్నుకులాడి తన్నుకులాడి, ఇంట్లకొచ్చి నెత్తి పట్టుకొని కూసున్ననాడు వసంత అన్నది, "గేరుబాక్సుల గాదు, ఎనుక చక్రాల హౌసింగుల ఉంది సప్పుడు." ఆనాటి సంది ఆయన నవ్వలె. నవ్వలేదు గానీ ఎవ్వరికి చెప్పనూ లేదు.

చెప్పకపోతే చెప్పకపోయిండు. ఉల్టా చెప్తడు. "మా ఇంటామెకు స్కూటర్ ఎనుక సక్కగ కూసునుడే రాదన్నా," అని గిరాకీలతోని నవ్వుతడు. వాళ్లకు చాయ పంపేది వసంతనే. రేకుల సందులకెల్లి పళ్లెం ఇస్తది, చెయ్యి మాత్రమే కనవడుతది. ఒకసారి కొత్తకోటాయన ఒకడు ఆ చెయ్యి సూసి, "గోర్లు గంత నల్లగున్నయేంది?" అన్నడు. "బొగ్గుల కుంపటన్నా, బొగ్గులు," అన్నడు రాఘవేందర్. ఇంట్ల గ్యాసు పొయ్యి వచ్చి అప్పటికి రెండేండ్లు. సుట్టాల పెండ్లిండ్లల్ల వసంత చేతులు కొంగుల దాసుకొని కూసుంటది. బిడ్డ అర్చనను బడిల టీచరు, మీ అమ్మ ఏం చేస్తది అని అడిగితే, "ఇంజిన్లు కడుగుతది, కడతది," అని చెప్పిందంట. క్లాసు క్లాసంత నవ్విందంట. ఆ దినం మాపటికి రాఘవేందర్ బిడ్డను ఒళ్లె కూసోబెట్టుకొని మంచిగ, ముద్దుగ నేర్పిచ్చిండు: "మా అమ్మ ఏం చెయ్యదు, ఇంట్లుంటది అని చెప్పాలె. ఏమని చెప్పాలె?" పిల్ల చెప్పింది. మల్ల చెప్పిచ్చిండు. మల్ల చెప్పింది. పొయ్యి కాడ రొట్టె కాలుస్తున్న వసంత రెండుసార్లు ఇన్నది. రొట్టె మాడింది. మాడినందుకు అత్త ఏమన్నదో అది వేరే ముచ్చట.

గిట్ల నడుస్తుండంగ, రెండువేల ఏడుల, ఎండకాలం ముంగట, నాగర్‌కర్నూల్ వెంకటన్న కారు వచ్చింది. వచ్చింది అంటే దానంతటది రాలె, లారీల వచ్చింది.

వెంకటన్నకు కంకర మిషన్లున్నయి. కొండలు నమిలే మనిషి. ఆయన ఎక్కడో పైదేశం కారు తెచ్చిండు, టర్బో కారు. ఎక్సలేటరు తొక్కితే కోడేరుల పండుకున్న కుక్క లింగాలల లేస్తదంట, గంత గుంజుడు. దాన్ని ఆయన అమ్రాబాద్ ఘాటు ఎక్కిచ్చిండు. మూల తిరిగేసరికి పులి గూడ పక్కకు జరిగి దారిచ్చిందని చెప్పుకుంటరు. మన్ననూరు దాటినంక ఇంజిను కాగి కాగి పొగలు కక్కింది. వెంకటన్న దిగి, బానెట్ లేపి, పక్కన చలివేంద్రం కాడున్న కుండ తెచ్చి ఎర్రగ కాలిన ఇంజిను మీద బుడబుడ గుమ్మరిచ్చిండు. టప్పుమన్నది. ఇంజినుకు ఒళ్లు లెక్క ఉండే బ్లాకు పగిలింది, కుండ గూడ పగిలింది. కుండకు దొరుకుతది గానీ ఆ బ్లాకు యాడ దొరుకుతది? హైదరాబాదుల తిరిగి తిరిగి, అదే కంపెనీ పెద్దబండి ఒకటి లోయల పడితే దాని బ్లాకు తెచ్చిండు. పాతదాని కన్న పెద్దది. పెద్ద పిస్టన్లు పడతయి, పెద్ద బలం వస్తది. హైదరాబాద్ మెకానిక్కులు, పెద్ద బ్లాకును చిన్న కారుల కూసోబెట్టుడు మాతోని గాదు అన్నరు. రాఘవేందర్ చెవి సంగతి ఎవరో చెప్పిండ్రు.

రాఘవేందర్ ఆ బ్లాకు సుట్టు మూడుసార్లు తిరిగిండు. మంచినీళ్లు తాగొస్త అని ఎనుకకు వచ్చిండు.

"అయితదా?" అన్నడు.

వసంత రేకుల సందులకెల్లి సూసింది. అట్లాంటి ఇనుము ఆమె పుట్టి సూడలె. "అయితది," అన్నది. "కానీ నాదొక మాట."

"చెప్పు."

"అయినంక, అందరి ముంగట, తాళంచెవి నేను తిప్పుత. ముంగట షెడ్డుల. పట్టపగలు."

రాఘవేందర్ అటు సూసిండు, ఇటు సూసిండు. "ఓస్ గంతేనా? నువ్వే తిప్పుదువు. అమ్మ మీద ఒట్టు," అన్నడు. అమ్మ మీద ఒట్టు ఆయన వారానికి నాలుగుసార్లు వేస్తడు, అలివేలమ్మ ఇంక గట్టిగనే ఉన్నది. అయినా వసంత నమ్మింది. నమ్మక ఏం చేస్తది, చేతులు అప్పటికే ఆ బ్లాకు దిక్కు పోతుండె.

లేతు మిషను కాడ పిస్టన్లు ఆడే బొక్కలకు బోరు కొట్టిచ్చుకొచ్చినంక బ్లాకును ఎనుకకు, ఇంటి వాకిట్లకు తెచ్చి, నాలుగు కాళ్ల స్టాండు మీద పెట్టిండ్రు. ముంగట పెడితే దుమ్మని రాఘవేందర్ అందరికి చెప్పిండు. అర్చనను బడికి తోలి, అత్తకు చాయ ఇచ్చి, వంట చేసి, బట్టలు పిండి, అప్పుడు వసంత దాని ముంగట కూసుంటుండె. నూనె నడిచే ఒక్కొక్క రంధ్రంల సన్న పుల్లకు గుడ్డ సుట్టి దూర్చి తీస్తే, లోయల పడ్డనాటి ఇసుక ఇంక వస్తనే ఉన్నది. పిస్టన్ రింగులను బోరుల పెట్టి కొసలకు నడుమ సందు సూసుకున్నది. పెద్ద ఇంజిను, వేడి ఎక్కువ, సందు జర ఎక్కువనే ఇడవాలె, లేకుంటె కాగి ఒకదాన్నొకటి పొడుసుకుంటయి. ఎవరు చెప్పిండ్రు? ఎవరు చెప్పలె. వేళ్లకు తెలిసింది.

టర్బోను గూడ ఇప్పి సూసింది. ఇంజిను బయటికి ఇడిసిన పొగతోనే తిరిగే పంఖా అది. ఆ పొగను పారేయనియ్యదు, దాంతోనే తిరిగి, గాలి గుంజి గుంజి మల్ల ఇంజిను గొంతుల కుక్కుతది. నిమిషానికి లక్ష చుట్లు. పెంచి చెప్పుడు గాదు, లక్షనే. సూదంత సందుల నూనె మీద తేలుకుంట తిరుగుతది. నూనె జరసేపు అందలేదంటే మాడి, పట్టేసి, ముక్కలైతది. వసంత దాన్ని అరచేతిల పెట్టుకొని ఊదింది. ఉఫ్ అంటే చాలు, గిర్రున తిరిగింది. ఇంట్ల వాళ్లందరు ఇడిసిన పొగ మీద తాను గూడ ఆరేండ్ల సంది గిట్లనే తిరుగుతుంది గద అనుకున్నది. నవ్వొచ్చింది. నవ్వేసరికి అత్త ఇన్నది. "ఇనుముతోని నవ్వుతున్నవేందే, మనుషులతోని నవ్వరాదా?" అన్నది.

ఇంజినుకు వెన్నుపూస లెక్క క్రాంకు ఉంటది. దాన్ని బ్లాకుల పండవెట్టి, పైకెల్లి ఐదు ఇనుప క్యాపులు పెట్టి బిగిస్తరు. ఆ ఐదు సూపులకు అక్కచెల్లెండ్ల లెక్క ఒక్కతీరుగనే ఉంటయి గానీ దేని సోటు దానిదే. మొదటిది మూడో దాని కాడ పెడితే క్రాంకు పట్టేస్తది. కంపెనీ వాళ్లు నంబర్లు కొడతరు. కానీ హైదరాబాదుల పాత సామాన్లోడు తుప్పు పోవాలని గ్రైండింగు కొట్టిండు, నంబర్లు పోయినయి. అందుకే వసంత పాత చీర మడతేసి, దాని మీద ఐదింటిని ఇప్పిన వరుసలనే పెట్టింది. బిడ్డను గూడ ఆ దిక్కు పోనియ్యలె. కోడి వస్తే రాయేసి కొట్టింది.

కోడి ఏం చెయ్యలె పాపం. అత్త చేసింది.

ఆ ఇంట్ల ఇంజిను మూసే దినం పూజ చెయ్యాలె. మామ బతికున్నప్పటి సంది ఉన్న ఆచారం. పసుపు, కుంకుమ, ఊదుబత్తి, నిమ్మకాయలు. పూజ అయినంకనే క్రాంకు పెట్టాలె. సరిగ్గ ఆ దినం పొద్దుగాలనే వసంతకు ముట్టయింది. చెప్పకుండ ఉండొచ్చు. కానీ అలివేలమ్మ ఆ దినాలను మొగోళ్లు క్రికెట్ స్కోరు యాదికి పెట్టుకున్నట్లు పెట్టుకుంటది. "ఇయ్యాలనే గద నీకు?" అన్నది. ఇంకేం చెప్తది? నీళ్ల హౌజు అవుతల, జామచెట్టు కింద చాప మీద కూసోబెట్టింది. "మూడు దినాలు ఇటు దిక్కు రాకు. నీ నీడ గూడ బ్లాకు మీద పడొద్దు," అన్నది.

వసంత కూసున్నది. కూసున్న కాడికెల్లి సూస్తుండంగనే అలివేలమ్మ తాంబాళం తెచ్చింది. చీర మీదున్న ఐదు క్యాపులు ఏరి తాంబాళంల ఏసుకున్నది, గారెలు ఏరుకున్నట్లు.

"అత్తా! అవి ముట్టకు! వరుస చెడుతది!"

"ముట్టయి కూసున్నదానివి నువ్వు, నన్ను ముట్టకంటవా? దేవుని పనికి వరుసేందే?"

"ఓ, నిన్నే! జర చెప్పు మీ అమ్మకు!" అని మొగన్ని పిలిచింది. రాఘవేందర్ ఊదుబత్తి ముట్టిస్తుండు. "అమ్మ కండ్లకద్దుకొని పెడుతుంది గద. ఏం గాదు, ఊకో," అన్నడు.

అలివేలమ్మ ఐదింటికి పసుపు పూసింది. బొట్లు పెట్టింది. మిగిలిన పసుపు చేతుల పట్టుకొని బ్లాకు నెత్తి మీద దండిగ చల్లింది. వసంత ఇరవై దినాలు పుల్ల పెట్టి కడిగిన ఒక్కొక్క రంధ్రంల పసుపు పోయి కూసున్నది. తాంబాళంలకెల్లి క్యాపులు తీసి చీర మీద మల్ల పెట్టింది, అందంగ, పూవు లెక్క, గుండ్రంగ.

మొగోడు క్రాంకు పెట్టిండు, పూవుకెల్లి ఒక్కొక్కటి తీసి బిగిచ్చిండు. తిప్పిండు. తిరగలె. పైపు తొడిగి గుంజిండు. తిరగలె. నాలుగు గజాల పైపు తొడిగి, కాళ్లు గోడకు తన్ని గుంజిండు. గోడ జరిగింది అంటరు గానీ క్రాంకు జరగలె. ఎండ నడినెత్తికొచ్చింది. ఎల్లుండి పొద్దుగాలనే వెంకటన్న పది మందిని యేసుకొని వస్తుండు. అప్పుడు రాఘవేందర్‌కు దూపయింది. జామచెట్టు కాడికి వచ్చిండు.

"తిరుగుతలేదే."

"తిరగదు."

"ఏది యాడిదో చెప్పరాదు జర."

"ఈడికెల్లి ఎట్ల చెప్త? నా కండ్లకు తెల్వదు, చేతులకు తెలుస్తది."

రాఘవేందర్ తల్లి దిక్కు సూసిండు. తల్లి కొడుకు దిక్కు సూసింది. ఒక్క మాట మాట్లాడుకోలె. అలివేలమ్మ లేసి, చెంబుల నీళ్లు పోసి, చిటికెడు పసుపు కలిపి వచ్చి వసంత నెత్తి మీద చల్లింది. "లే. ఇగ అయిపాయె."

"మూడు దినాలు గద అత్తా?"

"నోరు మూసుకొని లే. దేవునికి తెల్వదా మన పరేషాను? పోంగ పోంగ ఆ బట్టల మూట గూడ పిండి పో, ఎట్లాగు చల్లినం గద."

వసంత లేసింది. ముందు బట్టలు పిండింది, పొత్తికడుపుల నొప్పి పిండుతుండంగ. తర్వాత బ్లాకు ముంగట కూసున్నది. బిగిచ్చినయన్ని ఇప్పింది. ఒక్కొక్క రంధ్రంలకెల్లి పసుపు తీసింది. పుల్లతోని, గుడ్డతోని, ఊది, పీల్చి. నోరంత పసుపు, గ్యాసునూనె. పెండ్లి నాడు గూడ అంత పసుపు పడలె ఆమె మీద. తర్వాత క్యాపులు చేతిలకు తీసుకున్నది. ఐదు క్యాపులు, ఐదు సోట్లు. నూటఇరవై తీర్ల పెట్టొచ్చు అంటరు లెక్కలు తెలిసినోళ్లు. వసంతకు నూటఇరవై తెల్వదు. ఒక్క తీరే తెలుసు. కండ్లు మూసుకొని, క్యాపు అంచు బ్లాకు అంచు కలిసే కాడ గోరుతోని గీసి సూసుకున్నది. వెంట్రుకంత మెట్టు తగిలినా ఇది గాదు. ఏం తగలకుండ గోరు నున్నగ జారితే ఇదే. ఆ నల్లగోర్లే, కొంగుల దాసుకునేటివే. బిగిచ్చింది, తిప్పింది, మల్ల బిగిచ్చింది. పొద్దు గుట్టల మీదికి దిగే యాళ్లకు ఒంటి వేలు పెట్టి తిప్పితే క్రాంకు తిరిగింది. పాలల్ల చెంచా తిరిగినట్లు తిరిగింది. వసంత వేలు తీసేసినంక గూడ తిరిగింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెల్వదు, నొప్పికే కావొచ్చు.

రాఘవేందర్ చాయ పట్టుకొచ్చి ఇచ్చిండు. పెండ్లయినంక అదే మొదటిసారి. "ఎల్లుండి తాళంచెవి నీ చేతిలనే," అన్నడు.

మర్నాడంత పిస్టన్లు, హెడ్డు, టర్బో. కారుల దించి బిగిచ్చేటప్పుడు గూడ రేకులు పక్కకు జరిపి, తడక అడ్డం పెట్టి, ఆమెతోనే చేయిచ్చుకున్నడు. పూజ పసుపు మల్ల యాడ పడుతదో అని టర్బోకు నూనె పోయే పైపు మూతిల మాత్రం చిన్న గుడ్డ కుక్కి, పైపును బిగియ్యకుండ వదిలింది. తెల్లారి తానే తీసి బిగియ్యాలె అనుకున్నది.

తెల్లారింది. వసంత తలకు పోసుకున్నది. నిమ్మచెక్కతోని గోర్లు తోమింది, తోమింది, సగం నలుపు పోయింది. ఆకుపచ్చ చీర కట్టుకొని రేకుల సందు కాడికి వచ్చేసరికి అలివేలమ్మ అడ్డం నిలబడ్డది.

"యాడికి?"

"షెడ్డుకు."

"మూడో దినమే! కొబ్బరికాయ కొట్టే కాడికి ఎట్లొస్తవే?"

వసంత అత్త మీదికెల్లి మొగని దిక్కు సూసింది. ఆయన కొత్త అంగి ఏసుకున్నడు. గుండీలు సూసుకుంటుండు.

"నిన్న, మొన్న ముట్టుకున్న గద. చల్లిండ్రు గద," అన్నది.

"అది పని. ఇది పూజ," అన్నడు రాఘవేందర్, మెల్లగ, బిడ్డకు చెప్పినట్లు. "పెద్ద మనుషులొస్తుండ్రు వసంతా. వాళ్ల ముంగట బాగుండదు. ఇంకోసారి సూద్దాం."

అప్పటికే బయట బండ్లు ఆగినయి. అయినా వసంత చెప్పింది: "టర్బో పైపు మూతిల గుడ్డ ఉంది. తీసి బిగియ్యి."

"నాకు తెల్వదా? నీ కన్న ముందుకెల్లి మెకానిక్‌ను," అనుకుంట పోయిండు.

వసంత రేకుల ఎనుక నిలబడ్డది. అన్ని ఇనవడుతుండె. వెంకటన్న నవ్వు, చెప్పుల సప్పుడు, ఎవరో నిమ్మకాయలు టైర్ల కింద పెడుతుండ్రు. కొబ్బరికాయ పగిలింది. వసంత పైపు పక్కన పెట్టి ఉంచిన పానా ఇనుముకు తగిలిన సప్పుడు, గిరగిర పైపు బిగిచ్చిన సప్పుడు. జల్ది బిగిచ్చిండు. మస్తు జల్ది. పానాను పెట్టెలకు ఇసిరేసిన సప్పుడు గూడ ఇనవడ్డది. తాళంచెవి వెంకటన్ననే తిప్పిండు.

ఇంజిను లేసింది.

లేసుడంటే అట్లిట్ల గాదు. షెడ్డు రేకులు దడదడమన్నయి, సింతచెట్టు మీది పిట్టలు పెబ్బేరుల దిగినయంట. కానీ ఆ గలాట సప్పుడు కింద వసంతకు క్రాంకు ఇనవడ్డది. నున్నగ. ఐదు సోట్ల మీద ఐదు. ఎక్కడ పట్టుడు లేదు. ఆమె చెయ్యి దానంతటదే రేకు మీద ఆనింది.

"నీ చెయ్యి బంగారం రాఘవేందర్!" అని వెంకటన్న ఒర్రిండు. "హైదరాబాదోళ్లతోని గానిది చేసినవ్! ఎంతమందిరా చేసింది?"

"ఇరవై దినాలన్నా. ఒక్కన్నే."

ఒక్కన్నే. వసంతకు ఆ మాట చెవుల పడ్డది, కడుపుల దిగింది. జర సాయం అన్నా బాగుండు, ఇంటోళ్లు అన్నా బాగుండు. ఒక్కన్నే. ఇరవై దినాల గ్యాసునూనె, పుల్ల పెట్టి తీసిన ఇసుక, నోట్ల పసుపు, మొన్నటి నొప్పి, అన్ని ఆ ఒక్క మాటల మునిగిపోయినయి, రాయి ఏస్తే బుడుగ్గుమన్నట్లు.

అప్పుడే ఇంకో సప్పుడు ఇనవడ్డది. సన్నటి ఈల. ఎండిపోయిన ఈల. టర్బో. నూనె లేదు. గుడ్డ తీయకుండనే పైపు బిగిచ్చిండు.

అది ఎవ్వరికి ఇనవడలె. ముంగట సప్పట్లు కొడుతుండ్రు. వసంతకు మాత్రం ఎవరో చెవుల మూతి పెట్టి ఊదినట్లు ఇనవడుతుండె. ఊకుంటె అయిపాయె. ఇంకో నిమిషం, రెండు నిమిషాలు. ఈల గుర్రుమంటది, పంఖా పట్టేస్తది, ముక్కలు పోయి ఇంజినుల పడతయి. పది మంది ముంగట 'ఒక్కన్నే' చేసినోని ముఖం ఎట్లయితదో సూడొచ్చు. ఆమె ఆ ముఖాన్ని కండ్లారా సూసుకున్నది, రేకు ఎనుక నిలబడే. మంచిగనే అనిపిచ్చింది. అబద్ధమెందుకు, చాన మంచిగనిపిచ్చింది. కానీ మాడేది రాఘవేందర్ గాదు. మాడేది ఆమె కట్టింది. తప్పు చేసింది ఆయన, సచ్చేది తన చేతి పని. ఆ ఇంట్ల ఎప్పుడు అంతే గద అనుకున్నది. ఇయ్యాల అట్ల గాదు అని గూడ అనుకున్నది.

చాయ పళ్లెం పట్టిన చెయ్యి తప్ప ఆరేండ్లల్ల తనది ఏదీ దాటని సందులకెల్లి మనిషి మొత్తం దాటింది. పది మంది నడిమిట్లకెల్లి నడిసి, కారు కాడికి పోయి, అద్దంలకెల్లి చెయ్యి పెట్టి, వెంకటన్న మోకాలు మీదికెల్లి తాళంచెవి తిప్పింది. అందరి ముంగట, పట్టపగలే తిప్పింది. కాకపోతే ఉల్టా తిప్పింది.

షెడ్డుల సప్పుడు చచ్చిపోయింది.

"ఓ దేవుడా! ముట్టున్నదాన్ని దేవుని ముంగట..." అని అలివేలమ్మ నెత్తి కొట్టుకున్నది. మొగోళ్లు ఒకరి ముఖం ఒకరు సూసుకొని చెప్పులు సూసుకున్నరు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నడు వెంకటన్న. "బండి ఎందుకు బంద్ చేసినవ్?"

"టర్బోకు నూనె పోతలేదన్నా. ఇంకో నిమిషమైతే మాడుతుండె."

"ఏం రాఘవేందర్? నిజమేనా?"

"ఆడోళ్ల మాటలన్నా, అది మా ఇంటామె. నువ్వు లోపలికి నడువే!"

వసంత నడవలె. అత్త దిక్కు మర్లింది. "అత్తా, నేను ముట్టుకున్నది దేవునికి పనికిరాదంటే ఈ ఇంజిను మొత్తం ఇప్పాలె. దీంట్ల నా చెయ్యి తాకని బోల్టు ఒక్కటి లేదు."

వెంకటన్న కారు దిగిండు. కొండలు నమిలే మనిషి, పనిచేసిన చెయ్యి ఎట్లుంటదో ఆయనకు తెలుసు. వసంత గోర్లు సూసిండు. రాఘవేందర్ కొత్త అంగి సూసిండు.

"ఎవరు చేసిండ్రురా దీన్ని?"

రాఘవేందర్ నవ్వ సూసిండు. "నేనేనన్నా. ఆమె జర సాయం చేస్తది గంతే... కడుగుడు, గిడుగుడు."

"సరే," అన్నది వసంత.

గిరాకీలు కూసునే బెంచీ ఖాళీగ ఉన్నది. పోయి దాని మీద కూసున్నది. కొంగుల దాసుకోకుండ రెండు చేతులు ఒళ్లె పెట్టుకున్నది. "నాకు మూడో దినం. ఇంక నేను ముట్టను. ఇయ్యాలనే గాదు, రేపు తానం చేసినంక గూడ. చేసినోడే ఉన్నడు గద, ఇప్పమనుండ్రి పైపు. నూనె పైపు ఒక్కటే, చిటికెల అయ్యే అలకటి పని."

పది మంది రాఘవేందర్ దిక్కు మర్లిండ్రు. ఆయన పానాల పెట్టె తెరిచిండు. చెయ్యి పెట్టిండు, తీసిండు, మల్ల పెట్టిండు. ఒక పానా తీసుకొని బానెట్ కింద వంగిండు. పైపు నట్టుకు పెట్టి తిప్పిండు. పానా ఉత్తగ తిరిగింది, పెద్దదైంది. ఆరేండ్ల సంది వచ్చినట్లనే, సరిపోయే పానా నంబరు వసంత నాలుక కొసకు వచ్చింది. రాఘవేందర్ వంగిన కాడికెల్లే ఓరకండ్లతోని ఆమె దిక్కు సూసిండు.

వసంత ఏమనలె. కాలు మీద కాలేసుకొని, అందరితోని పాటు తాను గూడ సూసుకుంట కూసున్నది.